చెప్పింది ఒకటి, కట్టింది ఇంకొకటి: సైటులో కొత్తవాళ్ల సమస్యలు - పరిష్కారాలు

పాలిటెక్నిక్ ఆరు నెలల ట్రైనింగ్‌కో, ఐటీఐ అప్రెంటిస్‌గానో, బీటెక్ అవగానే జూనియర్ ఇంజినీరుగానో సైటులో అడుగుపెట్టినవాళ్ల కోసం ఇది. టేపు పట్టడం, ప్లాను చదవడం, రసమట్టంలో బుడగ మధ్యలో ఉందో లేదో చూడడం, హెల్మెట్ బెల్టు బిగించుకోవడం వచ్చనుకునే రాస్తున్నాను.

విశాఖలో మధురవాడ, కొమ్మాది, గాజువాక, కూర్మన్నపాలెం, ఎక్కడి సైటుకి వెళ్లినా కొత్తవాళ్లు చెప్పుకునే బాధ ఒకటే: "నా కమ్యూనికేషన్ వీక్ సార్." వెంటనే ద్వారకానగర్‌లో స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు వెతుక్కుంటారు. వెళ్లండి, ఇంటర్వ్యూకి పనికొస్తుంది. సెంట్రింగ్ (కాంక్రీటు పోయడానికి కట్టే పలకల చట్రం) మీద నిలబడినప్పుడు మాత్రం దానితో పని జరగదు. తాపీ మేస్త్రీది శ్రీకాకుళం, రాడ్డు కట్టేవాళ్లది ఒడిశా, సెంట్రింగ్ వాళ్లలో సగం మంది బెంగాల్. వాళ్లకి మీ గ్రామర్ అక్కర్లేదు. కొలత కావాలి, అది పూర్తిగా కావాలి.

లక్షణం: మేస్త్రీ మీ మాట పట్టించుకోవడం లేదు

"చిన్నవాణ్ణని లెక్క చేయట్లేదు", "ఆడపిల్లనని వినట్లేదు" అనుకునే ముందు ఒక్క పని చేయండి. మీ చేతిలో ఉన్న డ్రాయింగ్ ఏ రివిజనో, అంటే ఎన్నోసారి మార్చిందో చూడండి. షీటు కింద కుడి మూలన డబ్బాలో ఉంటుంది: ఆర్0, ఆర్1, ఆర్2. పక్కనే తేదీ ఉంటుంది. అర నిమిషం పని. అయినా ఎవరూ చూడరు. వాట్సాప్‌లో ఎప్పుడో వచ్చిన ఫోటోని జూమ్ చేసుకుంటూ మేస్త్రీ దగ్గరికి వెళ్లి "ఈ కాలమ్ తప్పు పెట్టారు" అంటారు. ఆయన దగ్గర ఆర్2 ఉంటుంది, మీ ఫోన్లో ఆర్0 ఉంటుంది. ఆ రోజు తర్వాత మీ మాట ఎవరు వింటారు?

ఇంకొకటి. జీవీఎంసీ (విశాఖ కార్పొరేషన్) అప్రూవల్ ప్లాను వేరు, ఆర్కిటెక్ట్ వర్కింగ్ డ్రాయింగు వేరు, స్ట్రక్చరల్ డ్రాయింగు వేరు. కాలమ్ సైజుకి అప్రూవల్ ప్లాను చూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కొత్త రివిజన్ రాగానే పాత షీటు మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టి "రద్దు" అని రాయండి, ఫోన్లో ఉన్న పాత ఫోటో డిలీట్ చేయండి. ఏ1 షీటుని ఏ3కి తగ్గించి ప్రింటు తీశాక స్కేలు పెట్టి కొలవకండి. షీటు చిన్నదైతే గీతలూ చిన్నవే అవుతాయి, పక్కన 1:100 అని రాసి ఉన్నా సరే. అంకె రాసి ఉంటే అంకె తీసుకోండి, లేకపోతే అడగండి.

తప్పు నిజంగానే మేస్త్రీదైతే కూలీల ముందు అనకండి. "మేస్త్రీ గారూ, ఒకసారి ఇటు వస్తారా, ఈ కాలమ్ చూద్దాం" చాలు.

లక్షణం: చెప్పింది ఒకటి, కట్టింది ఇంకొకటి

అసలు విషయం ఇదే. ఎక్కువ సైట్లలో డబ్బు తగలేసేదీ ఇదే.

మధురవాడ వైపు ఒక అపార్ట్‌మెంటులో జరిగింది చెబుతాను. కొత్తగా చేరిన కుర్రాడు, గుమ్మం పైన వేసే లింటెల్ దూలం గురించి తాపీ మేస్త్రీకి చెప్పాడు:

"మేస్త్రీ గారూ, లింటెల్ కింద ఏడడుగులు."

"అలాగే బాబూ."

సాయంత్రం టేపు పెట్టి చూశాడు, ఏడడుగులు ఉంది. డైరీలో రాసుకున్నాడు. గోడలు లేచాయి, ప్లాస్టరింగ్ అయింది, ఫ్లోరింగ్ వాళ్లు వచ్చారు. టైలూ, దాని కింద మాలూ కలిపి మూడు అంగుళాలు లేచింది. తలుపుల వాడు ఏడడుగుల ఫ్రేములు దించాడు, గుమ్మం చూస్తే ఆరు అడుగుల తొమ్మిది అంగుళాలు. అప్పటికి ఆ ఫ్లోరంతా అలాగే ఉంది. ఫ్రేములు కోయాలా, లింటెల్ చెక్కాలా అని గొడవ. మేస్త్రీ అబద్ధం చెప్పలేదు, కుర్రాడూ చెప్పలేదు. డ్రాయింగులో ఏడడుగులు ఉన్నది ఫినిష్డ్ ఫ్లోర్ నుంచి, అంటే టైలు వేశాక వచ్చే నేల నుంచి. మేస్త్రీ కొలిచింది కాళ్ల కింద ఉన్న ఉత్త శ్లాబు నుంచి. ఆ రోజుకి ఆయనకి కనబడే నేల అదే మరి.

ఈ తప్పు దొరక్కపోవడానికి కారణం ఇదీ: అంకె ఇద్దరి దగ్గరా ఒకటే. తిరిగి చెప్పించుకున్నా "ఏడడుగులు" అనే వస్తుంది. రాసి చూపించినా ఏడే. టేపు పెట్టినా ఏడే. మీరు ఎన్నిసార్లు చెక్ చేసినా పాస్ అవుతుంది, ఎందుకంటే చెక్ చేసేటప్పుడు మీరూ అదే ఉత్త శ్లాబు మీద టేపు ఆనించారు. నెలల తర్వాత వేరే పనివాడు వచ్చేదాకా బయటపడదు. అప్పుడు "కమ్యూనికేషన్ గ్యాప్" అని మీటింగులో ఒక మాట అనుకుని లేచిపోతారు. గ్యాపు మూడంగుళాలు, అది ఎక్కడుందో ఎవరూ చెప్పరు.

తలుపుల దగ్గరే కాదు, ఈ "ఎక్కడి నుంచి" అన్నది అన్నిచోట్లా దాక్కుని ఉంటుంది.

రింగుల (మెయిన్ రాడ్ల చుట్టూ కట్టే ఇనుము) దగ్గర చూడండి. డ్రాయింగులో 150 ఎంఎం అని ఉంటే అది సెంటర్ నుంచి సెంటర్‌కి. రాడ్డు కట్టేవాడు రెండు రింగుల మధ్య ఖాళీ 150 పెడతాడు. 8 ఎంఎం రింగు అయితే సెంటర్ టు సెంటర్ 158 అవుతుంది. మూడు మీటర్ల బీములో 21 రింగులు పడాల్సిన చోట 20 పడతాయి. "ఒక్క రింగే కదా" అంటారు. బీములన్నీ లెక్కేయండి.

కవర్ దగ్గర ఇంకా పెద్ద ప్రమాదం. కాంక్రీటు పనుల కోడ్ ఐఎస్ 456 - 2000 ప్రకారం కవర్ అంటే కాంక్రీటు బయటి ముఖం నుంచి అన్నిటికన్నా బయట ఉన్న ఇనుము దాకా, అంటే రింగు దాకా. చాలామంది మెయిన్ రాడ్డు దాకా కొలుస్తారు. 40 అనుకున్నది రింగు దగ్గర 32 మిగులుతుంది. ఊళ్లోపల ఎక్కడో అయితే ఏమో గానీ, రుషికొండ, సాగర్‌నగర్, భీమిలి వైపు ఉప్పుగాలికి ఎదురుగా ఉన్న కాంక్రీటు ఆ కోడ్ లెక్కలో "సివియర్" కిందికి వస్తుంది, కవర్ 45 ఉండాలి. ఇక్కడ 8 ఎంఎం పోగొట్టుకుంటే ముందుగా తుప్పు పట్టేది రింగే. కవరింగ్ బ్లాకు రింగు కింద పెట్టించండి, మెయిన్ రాడ్డు కింద కాదు.

గది కొలత. "పది బై పన్నెండు" అంటే గోడ లోపలి నుంచి లోపలికా, సెంటర్ టు సెంటరా? ప్లాస్టరింగ్ కలిపా, కలపకుండానా? ఇంటి యజమాని వాస్తు లెక్క చూసుకుని ఉంటే ఈ ప్రశ్న మీరు అడగకపోయినా గృహప్రవేశానికి ముందు ఆయన అడుగుతారు.

మెట్లు కూడా అంతే. శ్లాబు నుంచి శ్లాబుకి సమానంగా పంచేసి, కింద ఫ్లోరింగు ఎంత, మెట్టు మీద గ్రానైటు ఎంత అని చూడకపోతే మొదటి మెట్టో చివరి మెట్టో తేడా వస్తుంది. అందరూ తడబడేది ఆ మెట్టు దగ్గరే.

టైముకీ మొదలు ఉంటుంది. రెడీమిక్స్ కాంక్రీటు మామూలుగా రెండు గంటల్లో దించేయాలని ఐఎస్ 4926 చెబుతుంది. ఆ రెండు గంటలు లారీ గేటు దగ్గరికి వచ్చినప్పటి నుంచి కాదు, ప్లాంటులో లోడ్ చేసినప్పటి నుంచి. డ్రైవర్ దగ్గర టికెట్ ఉంటుంది, దాని మీద టైమ్ ఉంటుంది. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ఎంతసేపు ఆగాడో ఆ టికెట్టే చెబుతుంది. "ఇప్పుడే వచ్చింది సార్" అని ఫోన్ చేస్తే సీనియర్‌కి తెలిసింది సున్నా.

పరిష్కారం

మొదటిది, మాటలో. అంకెని ఒంటరిగా పంపకండి. "లింటెల్ కింద ఏడడుగులు" కాదు. "ఫ్లోరింగ్ అయ్యాక పైన టైలు నుంచి లింటెల్ అడుగు దాకా ఏడడుగులు. ఫ్లోరింగు మూడంగుళాలు వస్తుంది, కాబట్టి ఇప్పుడు శ్లాబు నుంచి ఏడడుగుల మూడంగుళాలు." కొంచెం పొడుగు మాట. పొడుగ్గానే చెప్పండి.

రెండోది, "అర్థమైందా?" అని అడగడం మానేయండి. ఆ ప్రశ్నకి మన దగ్గర ఒకటే జవాబు, "అలాగే బాబూ." దానికి బదులు "టేపు ఎక్కడ పెడతారో ఒకసారి చూపించండి మేస్త్రీ గారూ" అనండి. ఆయన వంగి టేపు కొక్కేన్ని ఉత్త శ్లాబుకి ఆనిస్తే అక్కడికక్కడే తప్పు కనబడిపోతుంది. ఎవరికీ చిన్నతనం ఉండదు.

మూడోది, మీటర్ గీత. ఇది ఉన్న సైటులో సగం గొడవలు పుట్టవు. ఫినిష్డ్ ఫ్లోర్ కన్నా సరిగ్గా ఒక మీటరు పైన, ప్రతి కాలమ్ మీదా, గోడ లేచాక గోడ మీదా ఒకే లెవెల్లో గీత కొట్టించండి. ఇక లింటెల్ అడుగు 2100 ఎంఎం అయితే గీత నుంచి 1100 పైకి, కిటికీ అడుగు 900 అయితే గీత నుంచి 100 కిందికి. నేల ఉత్తదా, ఫినిష్ అయిందా అన్న ప్రశ్నే రాదు, ఎందుకంటే ఎవరూ నేల నుంచి కొలవరు.

ఆటో లెవెల్ (లెవెల్ చూసే పరికరం) ఖాళీ లేకపోతే నీళ్ల ట్యూబు చాలు, అయితే దాన్ని సరిగ్గా పట్టాలి. నీళ్లు నింపాక పైపు పొడవునా కంటితో వెతకండి. ఎక్కడైనా గాలి బుడగ ఆగి ఉంటే పైపుని ఎత్తి తట్టి బయటికి పంపండి. రెండు చివర్లూ పక్కపక్కన పట్టుకుని రెండింట్లో నీళ్లు ఒకే ఎత్తున ఉన్నాయో లేదో ముందే చూడండి, ఈ చెక్ చాలామంది వదిలేస్తారు. నడిచేటప్పుడు నీళ్లు ఒలకకుండా రెండు చివర్లూ బొటనవేలితో మూస్తారు కదా, గుర్తు పెట్టే ముందు రెండు వేళ్లూ తీయాలి. ఒక్కటి తీయకపోయినా నీళ్లు కదలవు, గుర్తు తప్పుతుంది. నీళ్లు ఊగడం ఆగాక, పైపులో నీళ్ల పైభాగం వంపుగా ఉంటుంది, ఆ వంపు అడుగు భాగం దగ్గర పెన్సిల్ గీత. మధ్యలో ఎవరైనా పైపు మీద కాలేశారేమో చూసుకోండి. మొదటి గుర్తు మాత్రం సీనియర్ చూపించిన బెంచ్‌మార్కు (సైటంతటికీ ఆధారమైన లెవెల్ గుర్తు) నుంచే రావాలి, కాలమ్ మీద ఎవరో ఎప్పుడో గీసిన ఎర్ర గీత నుంచి కాదు.

ఇక టేపు. చివర కొక్కెం కొంచెం ఊగుతుంటుంది. అది పాడవడం కాదు, కొక్కెం మందం ఎంతో అంతే ఊగేలా చేస్తారు. బయటికి తగిలించి లాగినా, లోపలి గోడకి ఆనించి తోసినా సున్నా సరిగ్గా రావడానికి. దాన్ని సుత్తితో కొట్టి బిగించిన టేపులు చాలా సైట్లలో తిరుగుతుంటాయి. చివర విరిగిన టేపుతో పది సెంటీమీటర్ల దగ్గర మొదలుపెట్టి, ఆ పది తీసేయడం మర్చిపోయేవాళ్లూ ఉంటారు. పొద్దున్నే మీ టేపూ మేస్త్రీ టేపూ పక్కపక్కన పెట్టి చూడండి.

లక్షణం: అంకెలు కలవడం లేదు

డ్రాయింగు ఎంఎంలో ఉంటుంది, మేస్త్రీ అడుగులూ అంగుళాల్లో మాట్లాడతాడు, రాడ్డు వాళ్లు సూతుల్లో. అంగుళానికి ఎనిమిది సూతులు, మూడు సూతుల రాడ్డు అంటే 10 ఎంఎం, నాలుగు అంటే 12. ఇసుక యూనిట్టు అంటే వంద ఘనపుటడుగులు, ఒక ఘనపు మీటరుకి 35.3 ఘనపుటడుగులు. సెంట్రింగ్ మీద నిలబడి నోటి లెక్క వేయకండి. పొద్దున్నే ఆ రోజు కొలతలు రెండు పద్ధతుల్లోనూ ప్లైవుడ్ ముక్క మీద రాసి, బొమ్మ గీసి పెట్టండి. భాష రాని పనివాళ్లకి కూడా అదే మందు, వేరే ఏమీ అక్కర్లేదు.

లక్షణం: సీనియర్ రోజూ ఫోన్లో అరుస్తున్నారు

"జరుగుతోంది సార్" అని పంపి ఉంటారు. దాంతో ఆయన ఏం చేసుకోవాలి? ఇలా పంపండి: "నాలుగో ఫ్లోరు, బి గ్రిడ్, 3 నుంచి 6 దాకా కాలమ్ రాడ్డు కట్టడం అయింది. 7, 8 మిగిలాయి. 8 ఎంఎం రింగులు సాయంత్రానికి చాలవు, రేపు పొద్దున పదికల్లా కావాలి." ఎక్కడ (బి, 3 లాంటివి డ్రాయింగులో కాలమ్ వరసల గుర్తులు), ఎంత అయింది, ఎంత మిగిలింది, ఏం కావాలి. చెడ్డ వార్త ఉంటే మొదటి వాక్యంలోనే పెట్టండి. కాంక్రీటు పంపు పాడైందన్న సంగతి లారీ బయల్దేరాక చెబితే ఎవరైనా అరుస్తారు.

అరుదుగా వచ్చేవి

మైకు ముందు భయం, స్టేజ్ ఫియర్ అంటారు కొందరు. సైటులో మైకు లేదు, వదిలేయండి. మిక్సరు మోతలో వినబడకపోతే కిందికి దిగి మాట్లాడండి, చేతి సైగలు మీరు సొంతంగా కనిపెట్టకండి. మేస్త్రీ కావాలనే తప్పు చేస్తున్నాడన్న అనుమానం వస్తే అది సీనియర్‌కి చెప్పాల్సిన విషయం, మీరు తేల్చుకోవాల్సింది కాదు. అయినా చెప్పే ముందు ఒకసారి వెళ్లి ఆయన టేపు ఎక్కడి నుంచి పట్టాడో చూసి రండి.