చెక్క మాట వినడం లేదా? పనిముట్లు కొనేముందు చూసుకోవాల్సిన లోపాలు

వడ్రంగి పని సరదాగా మొదలుపెట్టినవాళ్లకు కొన్నాళ్లకే వచ్చే ఆలోచన ఒకటుంది: మంచి సెట్టు కొంటే పని నీటుగా వస్తుందని. ఒక్కోసారి అది నిజమే. ఎక్కువసార్లు మాత్రం ఇంట్లో ఉన్న ఉలికే పదును ఉండదు. జేబులో చెయ్యి పెట్టేముందు చెక్క మీద ఏ లోపం కనిపిస్తోందో చూడండి. ఏది కొనాలో, ఏది అక్కర్లేదో దాన్నిబట్టే తేలుతుంది.

ఉలి కోయడం లేదు, చెక్కను నలుపుతోంది

ముందు ఒక పరీక్ష. పైన్ లాంటి మెత్తటి చెక్క తీసుకుని, అడ్డంగా కోసిన కొస మీద ఉలితో పలచగా చెక్కండి. పదును ఉంటే ఆ చోటు నున్నగా మెరుస్తుంది. లేకపోతే పొడిపొడిగా, గుంటలుగా వస్తుంది. ఈ పరీక్షకు గట్టి చెక్క పనికిరాదు. మొండి ఉలి కూడా దాని మీద కాస్త బాగానే కోసినట్టు కనిపించి మోసం చేస్తుంది.

కొత్త ఉలి అయినా సరే, షాపులోంచి వచ్చినప్పుడు పనికి సిద్ధంగా ఉండదు. ఏటవాలుగా కోసిన పక్కన మెషిన్ గీతలు ఉంటాయి, దాని వెనక ఉండే చదునైన ముఖం, అంటే వీపు, సమంగా ఉండదు. చాలామంది ఏటవాలునే నూరుతూ కూర్చుంటారు. అంచు అంటే రెండు ముఖాలు కలిసేచోటు కదా, వీపు ఎగుడుదిగుడుగా ఉంటే అటు ఎంత నూరినా లాభం లేదు. వీపు మీద మార్కర్ పెన్నుతో గీతలు గీసి, గాజు పలక మీద పరిచిన వాటర్ పేపర్ మీద రుద్దండి. ఇంకు ఎక్కడ చెరగలేదో అక్కడ పల్లం ఉన్నట్టు. వీపంతా అద్దంలా చేయనక్కర్లేదు, అంచు దగ్గర ఒక అంగుళం మేర సమంగా ఉంటే చాలు. తర్వాత ఏటవాలును 25 డిగ్రీలకు నూరండి. 400, 1000, 2000 నంబర్ల పేపర్లు వరసగా వాడండి. వీపు వైపు వేలు పెడితే అంచు పొడవునా గరుగ్గా తగలాలి. ఆ గరుకు రాకపోతే అంచుదాకా నూరలేదన్నమాట. వచ్చాక వీపును పేపర్ మీద సమంగా ఆనించి దాన్ని తీసేయండి.

పదును పెట్టిన గంటకే అంచు పోతోంది

అంచు చిన్నచిన్న ముక్కలుగా విరుగుతుంటే కోణం మరీ సన్నగా ఉంది. తుమ్మ లాంటి గట్టి చెక్కకు ఏటవాలు చివర్లో 30 డిగ్రీల కోణంలో ఇరుకైన అంచు ఒకటి అదనంగా పెట్టండి. విరగకుండా మడత పడుతుంటే ఉక్కు మెత్తబడిందని. గ్రైండర్ మీద పట్టేటప్పుడు అంచు నీలంగా మారడం చూశారా? అక్కడ పదును పట్టే గుణం పోయింది. నీలం ఉన్నంతవరకూ అరగదీసి మళ్లీ అంచు పెట్టాల్సిందే. ఈసారి మధ్యమధ్యలో నీళ్లలో ముంచుతూ పట్టండి.

టేకు సంగతి వేరు. ఆ చెక్కలోనే ఇసుకలో ఉండే సిలికా ఉంటుంది. చేతికి మెత్తగా అనిపించినా పదును తినేస్తుంది. అది మీ ఉలి తప్పు కాదు, పక్కన రాయి పెట్టుకుని పని చేయండి.

చిత్రిక పడుతుంటే చెక్క పెళ్లలుగా లేస్తోంది

కొత్త చిత్రిక కొనేయాలన్న కోరిక పుట్టేది సరిగ్గా ఇక్కడే. ముందు చెక్క పక్క అంచు చూడండి. నార గీతలు ఎటు పైకి ఎక్కుతున్నాయో అటే తోయాలి. చాలాసార్లు చెక్కను తిప్పి పెడితే సరిపోతుంది. తిప్పినా లేస్తుంటే, ముఖ్యంగా వేప చెక్కలో, నార ఒక పట్టీ ఇటు, పక్క పట్టీ అటు పడుకుని ఉంటుంది. అక్కడ మూడు పనులు చేయాలి: బ్లేడుకు కొత్త పదును, చాలా పలచటి కోత, బ్లేడు మీద ఉండే క్యాప్ ఐరన్‌ను అంచుకు అర మిల్లీమీటరు కన్నా దగ్గరగా జరపడం. లేవబోతున్న పీచును ఆ ఇనుము అక్కడికక్కడే వంచి విరిచేస్తుంది, దాంతో చీలిక లోపలికి పాకదు. మామూలు పనికి మిల్లీమీటరు దూరం ఉన్నా ఫర్వాలేదు.

దగ్గరగా జరిపాక పొట్టు చిత్రిక నోట్లో, అంటే బ్లేడు బయటికొచ్చే సందులో, ఇరుక్కుంటోందా? బ్లేడు, క్యాప్ ఐరన్ కలిపి వెలుగుకు పట్టి చూడండి. మధ్యలో సన్నటి వెలుతురు కనిపిస్తే పొట్టు అందులోనే దూరుతోంది. క్యాప్ ఐరన్ అంచును రాయి మీద సమం చేస్తే ఆ గొడవ తీరుతుంది.

చెక్క రెండు కొసలూ అరిగి మధ్యలో ఉబ్బెత్తుగా మిగులుతుంటే లోపం చేతిలో ఉంది. మొదలుపెట్టేటప్పుడు బరువు ముందు పిడి మీద, ముగించేటప్పుడు వెనక పిడి మీద ఉండాలి. చాలామంది సరిగ్గా దీనికి ఉల్టా చేస్తారు.

ఇవన్నీ చూసుకున్నాకే చిత్రిక సైజు గురించి ఆలోచించండి. ఒక్కటే కొనగలిగితే నా ఓటు 14 అంగుళాల 5వ నంబరుకే. నున్న చేయడానికి 4వ నంబరు బాగుంటుంది కానీ, అది పొట్టిది కాబట్టి చెక్క మీద పల్లాల్లోకి దిగుతూ పోతుంది. పొడవాటిది మిట్టల మీదే నడిచి ముందు వాటిని తీస్తుంది.

రంపం గీత మీద నిలవడం లేదు

ఎప్పుడూ ఒకే పక్కకు పోతోందా? ఆ వైపు పళ్లు ఎక్కువ వంగి ఉన్నాయి. ఆ పక్కన పళ్ల మీద నూరురాయిని ఒకటి రెండుసార్లు తేలిగ్గా లాగి మళ్లీ కోసి చూడండి. రకరకాలుగా పోతుంటే మాత్రం గట్టిగా నొక్కుతున్నారన్నమాట.

నిలువుగా, అంటే నార వెంట కోస్తే గంట పడుతోందని చాలామంది విసుక్కుంటారు. షాపుల్లో ఎక్కువగా దొరికేది అడ్డకోత రంపం, దాని పళ్లు చిన్న కత్తుల్లా ఉంటాయి. నిలువుకోతకు ఉలిలా తవ్వే పళ్లు కావాలి. ఇక్కడ రెండో రంపం కొనడం దండగ కాదు. పళ్ల కొసలు నల్లగా, నీలంగా ఉన్న రంపాలకు ఆకురాయి పట్టదు, జారిపోతుంది. వాటిని మొద్దుబారేదాకా వాడి పక్కన పెట్టేయడమే.

అన్నీ కొలిచి కోసినా మూల కలవడం లేదు

మూలమట్టాన్ని అనుమానించండి. నిటారు అంచున్న పలకకు ఆనించి గీత గీయండి, మూలమట్టాన్ని తిరగేసి అదే చోట ఇంకో గీత గీయండి. రెండూ విడిపోతే మట్టం తప్పు, కనిపించే తేడాలో సగం దాని లోపం. ఖరీదైనది అక్కర్లేదు, షాపులోనే ఈ పరీక్ష చేసి తీసుకోండి. టేపు కొస కొక్కెం కాస్త కదులుతుంటే సుత్తితో కొట్టి బిగించకండి. లోపలి కొలతకు, బయటి కొలతకు దాని మందం సర్దుకోవాలని కావాలనే అలా వదులుగా పెడతారు.

సెట్టులో పన్నెండు ఉలులున్నాయి, తీసేది రెండు మూడే

దీనికి రిపేరు లేదు, కొనకపోవడమే మందు. తొలికి, అంటే ఇంకో చెక్క కొస దూరేలా తొలిచే గాడికి, చెక్క మందంలో మూడో వంతు వెడల్పు ఉంటే చాలు. ముప్పావు అంగుళం పలకకు పావు అంగుళం ఉలి, అంగుళంన్నర ఫ్రేముకు అర అంగుళం ఉలి. చెక్కి సాపు చేయడానికి అంగుళం ఉలి ఒకటి. మిగిలిన డబ్బుతో చెక్కను బల్లకు బిగించే జి-క్లాంపులు రెండు తీసుకోండి. చెక్క కదిలితే ఏ ఉలీ తిన్నగా కోయదు.

ఉలి పిడి పగిలిపోతోంది

ఇనుప సుత్తితో కొడుతున్నారు. కొయ్య సుత్తి వాడండి, లేదా పిడి కొసన ఇనుప పొన్ను ఉన్న ఉలి తెచ్చుకోండి.

సుత్తి తల వదులైంది

ఎండాకాలంలో కాడ ఎండి కుంచించుకుపోవడం మామూలే. బకెట్లో నానబెడితే వెంటనే బిగుస్తుంది, అందుకే అందరూ అదే చేస్తారు. కానీ ఉబ్బిన చెక్క ఇనుప రంధ్రంలో నలిగిపోయి, ఆరాక ముందుకన్నా వదులవుతుంది. కాడ కొసన గట్టి చెక్కతో చేసిన కొత్త మేకు దిగ్గొట్టి, బయటికి మిగిలింది కోసేయండి.