ఐఎస్-ఎల్ఎమ్‌లో ఏ కర్వ్ జరపాలి? నాకు పనిచేసింది ఇది
ఐఎస్-ఎల్ఎమ్ అంటే మాక్రో ఎకనామిక్స్‌లో ఆదాయం, వడ్డీ రేటు యాక్సిస్‌ల మీద గీసే మోడల్; ఐఎస్ వస్తువుల మార్కెట్ కర్వ్, ఎల్ఎమ్ డబ్బు మార్కెట్ కర్వ్. గవర్నమెంట్ ఖర్చు పెరిగితే ఐఎస్ జరపాలా ఎల్ఎమ్ జరపాలా అని ఎగ్జామ్‌లో ఆగిపోయేవాణ్ణి. గైడ్ బట్టీ, యూట్యూబ్, సీనియర్ల నోట్స్, ఏదీ ఎక్కలేదు.

చివరికి పనిచేసిందేంటంటే, గ్రాఫ్ గీసే ముందు మారిందేంటో రాసుకుని అది యాక్సిస్ మీద ఉందా అని చూడ్డం, అంటే ఆదాయమో వడ్డీ రేటో అయితే కర్వ్ జరగదు, పాయింటే కదులుతుంది. ఖర్చు, ట్యాక్స్ అయితే ఐఎస్, మనీ సప్లై, ధరల స్థాయి అయితే ఎల్ఎమ్. తర్వాత వడ్డీ మారలేదనుకుని ఆదాయం పెరుగుతుందా తగ్గుతుందా అని అడిగితే కుడికా ఎడమకా తేలిపోతుంది. రెండో కర్వ్ ముట్టుకోకండి, అసలు కిటుకు అదే: గవర్నమెంట్ ఖర్చు వల్ల ఆదాయం పెరిగి, డబ్బుకి డిమాండ్ పెరిగి, వడ్డీ పెరిగి పెట్టుబడి కొంత తగ్గడం, ఆ క్రౌడింగ్ అవుట్ అంతా ఉన్న ఎల్ఎమ్ మీదే పాయింట్ పైకి కదలడమే.

బేసిక్ మోడల్ వరకే చెప్తున్నా. మండెల్-ఫ్లెమింగ్‌లో (విదేశాలతో లావాదేవీల్ని కూడా కలిపే ఐఎస్-ఎల్ఎమ్) ఫిక్స్‌డ్ ఎక్స్ఛేంజ్ రేట్ వస్తే మనీ సప్లై కూడా మారుతుంది, ఇది సరిపోకపోవచ్చు.