ఎడారి లోయల్లో ఒంటరి కారు ప్రయాణం – 5వ పాఠం: ఎండు వాగూ, మీ టెంటూ

ఈసారి పాఠమంతా ఇసుకలో టైర్ల గాలి గురించే ఉండాల్సింది. పోయినసారి అభ్యాసానికి వచ్చిన జవాబులు చూశాక దాన్ని చివరికి జరిపాను. అమెరికాలోని యూటా రాష్ట్రంలో హాంక్స్‌విల్ నుంచి 95వ నంబరు రోడ్డు మీద బ్లాండింగ్ వైపు వెళ్తూ, మెక్సికన్ హ్యాట్ చేరేలోపు రెండు రాత్రుల మకాం మ్యాప్‌లో గుర్తించమన్నాను కదా. రోజుకు మనిషికి 4 లీటర్ల నీళ్ళు, పైన రెండు రోజుల నిల్వ అనే లెక్క అందరూ బాగానే వేశారు. మకాం చోటు దగ్గరే చాలామంది తప్పారు.

ముందు చిన్నవి. ఆ రోడ్డు సుమారు 120 మైళ్ళు. మధ్యలో హైట్ అనే చోట పెట్రోలు దొరుకుతుందని లెక్క వేయకండి, హాంక్స్‌విల్‌లోనే ట్యాంకు నిండా పోయించండి. వేసవిలో అరిజోనా టైము యూటా కంటే గంట వెనక. అదే అరిజోనాలోని నవాహో నేషన్ (నవాహో ఆదివాసుల స్వపరిపాలన ప్రాంతం) మాత్రం యూటా టైమే పాటిస్తుంది. సరిహద్దుల దగ్గర ఫోను రెండు టైముల మధ్య ఊగుతుంది కాబట్టి చేతి గడియారాన్ని యూటా టైముకే ఉంచండి.

ఇక అసలు సంగతి. చదునుగా ఉంది, ఇసుక మెత్తగా ఉంది, కాటన్‌వుడ్ చెట్ల నీడ ఉంది అని ఎండు వాగు అడుగునే టెంట్ గుర్తు పెట్టారు. ఎందుకని అడిగితే వచ్చిన సమాధానం: ‘మూడు రోజులూ వాన లేదని సూచన ఉంది.’ ఆ సూచన ఎక్కడికి? మీ టెంట్ ఉన్న చోటికి. వాగులోకి నీళ్ళు వచ్చేది అక్కడి ఆకాశం నుంచి కాదు, ఎగువ నుంచి. 1997 ఆగస్టు 12న అరిజోనాలో పేజ్ ఊరి దగ్గర లోయర్ యాంటిలోప్ కాన్యన్‌లో 11 మంది కొట్టుకుపోయి చనిపోయారు. ఆ వాన కురిసింది మైళ్ళ దూరంలో, ఎగువన. లోయ దగ్గర పడింది చాలా కొద్ది.

లెక్క కట్టి చూడండి. ఒక చదరపు కిలోమీటరు మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే అది 2.5 కోట్ల లీటర్లు. పరీవాహక ప్రాంతం, అంటే ఆ వాగులోకి నీరు దిగే నేల అంతా, పది చదరపు కిలోమీటర్లయితే 25 కోట్లు. నున్నటి ఇసుకరాతి మీద నీరు ఇంకేది చాలా తక్కువ, పట్టి ఉంచే చెట్టూ చేమా లేవు. మిగిలినదంతా ఒకే ఇరుకు దారిలో దిగుతుంది, కొయ్య దుంగలతో, బండలతో సహా.

కాబట్టి ముందు చూడాల్సింది పరీవాహక ప్రాంతం. 1:24,000 కొలతలో ఉన్న యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) మ్యాప్ తెరిచి మకాం చోట చుక్క పెట్టండి. వాగును దాటే చోట కాంటూర్ గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) వంపు తిరుగుతాయి, ఆ వంపు మొన ఎగువ వైపు చూపిస్తుంది. చుక్క నుంచి రెండు పక్కలా గట్టు నెత్తి మీదుగా పెన్సిలుతో గీస్తూ పైకి వెళ్ళండి. రెండు గీతలూ పైన ఎక్కడో కలుస్తాయి. లోపల పడిన కిలోమీటరు గళ్ళు లెక్కపెట్టండి. వాతావరణ సూచన ఆ గళ్ళన్నిటికీ చూడాలి, అన్నిటికంటే పై గడికి ముందుగా. పరియా నది గీత గీస్తే అది బ్రైస్ కాన్యన్ దగ్గరి ఎత్తుల దాకా పోతుంది. ఆ నది కొలరాడోలో కలిసే లీస్ ఫెర్రీ దగ్గర నిలబడి తల ఎత్తి చూస్తే ఏం తెలుస్తుంది?

అక్కడికి చేరాక నేల కూడా చదవండి. టామరిస్క్ పొదల కొమ్మల్లో ఇరుక్కున్న చెత్త, పుల్లలు ఎంత ఎత్తులో ఉన్నాయి? అది పోయిన వరద మట్టం. రాబోయేది అంతకంటే పైకి రావచ్చు. పొదలన్నీ ఒకే వైపు వాలి ఉన్నా, బురద పెచ్చులు ఎండి చుట్టుకుపోయి ఉన్నా వాగు ఈమధ్యే పారిందని అర్థం. నా పద్ధతి ఒక్కటే: వాగు అడుగు నుంచి ఒక పూర్తి కాంటూర్ గీత, అంటే రెండు గీతల మధ్య ఎత్తు తేడా, చాలా షీట్లలో అది 40 అడుగులు, ఎక్కనిదే టెంట్ దించను. అలాగని గుట్ట నెత్తికీ ఎక్కకండి, జూలై నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నాలు పిడుగులు పడతాయి. నడుమ మెట్టు లాంటి చోటు చూడండి. నల్లటి పొక్కుల్లా ఉండే జీవమున్న నేలపొర మీద అడుగు వేయకుండా, ఇదివరకే వాడిన రాతి నేలనో కంకర నేలనో ఎంచుకోండి.

ఎత్తు సరిగ్గా చూసుకున్న కొద్దిమంది కూడా రెండో మాట మరిచారు. టెంట్ పైనే ఉంది, కానీ బయటికి వచ్చే దారి అదే వాగును దాటుతుంది. వరద వస్తే మునగరు, చిక్కుకుంటారు. పక్కన ఇంకొకరుంటే ఒకరు దిగి లోతు చూడొచ్చు, ఒంటరి ప్రయాణంలో అది లేదు. అడుగు లోతు పారే నీరు చిన్న కారును లాక్కుపోగలదు, రెండడుగులు చాలా బళ్ళను. ఆగండి. రెండు రోజుల నిల్వ మోయమన్నది ఇందుకే. నీరు తీశాక కూడా ముందు ఎండిన గట్టు నుంచి కర్రతో పొడిచి చూడండి, కర్ర దిగబడితే ఇంకో పూట ఆగాలి.

టైర్ల గాలి క్లుప్తంగా. పొద్దున బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలవండి. 35 పీఎస్‌ఐ ఉంటే ఇసుకలో 20కి దించండి, వేగం తగ్గించండి, తారు రోడ్డు ఎక్కేముందు తిరిగి నింపండి. కంప్రెసర్ బ్యాటరీకి క్లిప్పులతో తగిలించేది కొనండి, సాకెట్‌లో పెట్టేవాటికి ఫ్యూజు పోతుంటుంది. తడిసిన బంకమట్టి మీద ఇదేదీ పనిచేయదు. కాటన్‌వుడ్ కాన్యన్ రోడ్డు లాంటి చోట్ల వాన పడితే మట్టి టైరు గాడుల్లో నిండి టైరు నున్నగా అయిపోతుంది. ఆరేదాకా ఆగడం తప్ప మార్గం లేదు.

అభ్యాసం: ఎస్కలాంటే నుంచి బయల్దేరే హోల్-ఇన్-ద-రాక్ రోడ్డు తీసుకోండి. దాన్ని అడ్డంగా కోసే వాగులన్నిటినీ గుర్తించి, ప్రతిదానికీ పరీవాహక ప్రాంతం గీసి, గళ్ళు లెక్కపెట్టండి. నైరుతిన ఉన్న కైపరోవిట్స్ పీఠభూమి మీద ఒక్క ఉరుముల వాన పడితే ఏ వాగులు ఒకేసారి పారతాయో, మీరు ఏ రెండింటి మధ్య ఇరుక్కుంటారో, ఆ ముక్కలో 40 అడుగుల ఎత్తున్న మకాం ఎక్కడుందో రాయండి. ఒక సాయంత్రంలో అయ్యే పని కాదు, వారం తీసుకోండి.