కార్నియా మార్పిడి: కంటికి మూత లేని నిమిషాల్లో వచ్చే చిక్కులు

పూర్తి మందం మార్పిడిలో రోగి కార్నియా (కంటి ముందున్న పారదర్శక పొర) తీశాక, దాత కార్నియా కుట్టేదాకా కంటికి మూత ఉండదు. భయపడాల్సిన చిక్కులు ఎక్కువగా అప్పుడే వస్తాయి. అందుకే దాత బటన్‌ను (అతికించే గుండ్రని కార్నియా ముక్కను) పంచ్ చేసి, మైక్రోస్కోప్ కింద చూసుకున్నాకే రోగి కంటి మీద ట్రెఫైన్ (కార్నియాను గుండ్రంగా కోసే పరికరం) పెట్టండి. బటన్ పాడైతే ఆపరేషన్ వాయిదా వేయవచ్చు. కన్ను తెరిచాక ఆ వీలుండదు.

సమస్య: ఐరిస్ (కంటి రంగు పొర), లెన్స్ పైకి ఉబుకుతున్నాయి.

కారణం: వెనుక నుంచి ఒత్తిడి. ముందు బయట వెతకండి. స్పెక్యులం (రెప్పలు తెరిచి ఉంచే పరికరం) కనుగుడ్డును నొక్కుతోందా? కంటి వెనుక ఇచ్చిన మత్తుమందు ఎక్కువైందా? రోగి దగ్గు ఆపుకుంటున్నాడా, ఊపిరి బిగబట్టాడా? మానిటాల్ (కంటి ఒత్తిడి తగ్గించే, మూత్రం పెంచే మందు) ఇచ్చిన రోగికి మూత్రాశయం నిండినా ఇదే జరుగుతుంది; చాలామందికి తట్టని కారణం ఇది. పూర్తి మత్తులో ఉంటే, మత్తు పలచబడిందేమో అనస్థటిస్టును అడగండి.

పరిష్కారం: స్పెక్యులం వదులు చేయండి, బల్లను తలవైపు కొద్దిగా ఎత్తించండి. ఐరిస్ మీద విస్కో (కంటి లోపలి భాగాలను కాపాడే చిక్కని జెల్) వేసి, బటన్ పెట్టి 12, 6, 3, 9 గంటల దగ్గర నాలుగు కుట్లు త్వరగా వేయండి. 20 శాతం మానిటాల్ కిలోకు 1 గ్రాము చొప్పున ఆపరేషన్‌కు ముందే ఎక్కించడం మేలు; గుండె, కిడ్నీ జబ్బులుంటే ఫిజీషియన్‌ను అడిగాకే. పిల్లల్లో, లెన్స్ లేని కళ్లలో స్క్లెరా (కంటి తెల్లపొర) ముడుచుకుపోతుంది కాబట్టి దాన్ని నిలిపే ఫ్లీరింగా రింగ్ ముందే కుట్టాలి.

సమస్య: ఉన్నట్టుండి నొప్పి, ఎర్రని రిఫ్లెక్స్‌లో (కనుపాపలో కనిపించే ఎర్రని మెరుపులో) నల్లని నీడ, లోపలివన్నీ బయటికి తోసుకొస్తున్నాయి.

కారణం: కోరాయిడ్ (రెటీనా కింది రక్తనాళాల పొర) వెనుక రక్తస్రావం. కన్ను తెరవగానే లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, సిలియరీ ధమని చిట్లుతుంది. గ్లాకోమా, బీపీ, పెద్ద వయసు ఉన్నవారిలో ముప్పు ఎక్కువ.

పరిష్కారం: పరికరం కోసం వెతకకండి, వెంటనే వేలితో మూయండి. తర్వాత బటన్‌ను 8-0 సిల్క్‌తో బిగించండి; ఆ ఒత్తిడికి అంతకన్నా సన్నని 10-0 నైలాన్ నిలవకపోవచ్చు. మానిటాల్ ఎక్కించి, బీపీ దించండి. కంటి గాయం మూసుకుంటే రక్తం తీయడానికి తొందరపడకండి. గడ్డ కరగడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. బీ-స్కాన్‌లో (కంటి అల్ట్రాసౌండ్‌లో) కరిగిందని చూశాక తీయవచ్చు.

సమస్య: కుట్లన్నీ అయినా ముందు గది (కార్నియాకు, ఐరిస్‌కు మధ్య ఖాళీ) నిలవడం లేదు.

ఫ్లోరెసిన్ (కారే చోటు చూపే రంగు) రాయండి, కారే చోట రంగు పలచబడి ధారగా కనిపిస్తుంది. కుట్టు వదులైతే తీసి, కార్నియా మందంలో 90 శాతం లోతుకు మళ్లీ వేయండి. పక్క కుట్టు మరీ బిగిసినా ఇది వదులవుతుంది, దాన్నీ చూడండి. గాయంలో ఐరిస్ చిక్కుకుంటే స్పాచులాతో లోపలికి నెట్టాకే బ్యాండేజ్ వేయండి.