శాసనం రాయికి ఫొటో తీయడం: ఒక పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ పద్ధతి

మూఢం వచ్చిందంటే మా స్టూడియోలో ఫోన్ మోగదు. ముహూర్తాలు ఉండవు, పెళ్లిళ్లు ఉండవు, ఆల్బమ్‌లూ ఉండవు. హనుమకొండలో ఇరవై రెండేళ్లుగా నా పని ఇదే. ఆరేళ్ల కింద ఒక మూఢంలో ఖాళీగా కూర్చుని లెన్సులు తుడుచుకుంటుంటే, కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన సార్ ఒకరు లోపలికొచ్చి, "తమ్మీ, నీ దగ్గర లైట్లున్నయి గదా, ఒక రాయికి ఫొటో తియ్యాలె" అన్నారు. రాయి ఎంత అందంగా ఉంటుందో అనుకుని పోయాను. చూస్తే చెట్టు కింద పసుపు పూసి, గుడ్డ చుట్టి, సగం భూమిలో దిగబడిన బండ. దాని మీద ఏదో గీకినట్టు ఉంది, అంతే. ఆ రోజు నుంచి మూఢం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే ఫొటోగ్రాఫర్ని బహుశా నేనొక్కణ్నే.

వేయిస్తంభాల గుడికి వచ్చేవాళ్లను చూస్తుంటాను. నంది దగ్గర సెల్ఫీ, స్తంభాల మధ్య ఫ్యామిలీ ఫొటో, దర్శనం, బయటికి. ఆవరణలోని శాసనం రాయిని దాటుకునే పోతారు. సార్ మాత్రం ముందు ఆ రాయి దగ్గరికే వెళ్తారు. కట్టించింది కాకతీయ రుద్రదేవుడని, మూడు గర్భగుళ్లు రుద్రేశ్వరుడికి, వాసుదేవుడికి, సూర్యుడికి అని, మద్దిచెఱువుల అనే ఊరు గుడికి ఇచ్చారని చెప్పేది ఆ రాయే. అది లేకపోతే మనకు స్తంభాలు మిగిలేవి, సంగతులు మిగిలేవి కావు.

మీ ఊళ్లోనూ అలాంటి రాయి ఉండొచ్చు. చదవడం రాకపోయినా ఫర్వాలేదు, చదివేవాళ్లు ఉన్నారు. వాళ్లకు పనికొచ్చే ఫొటో ఇవ్వడం మన పని.

కెమెరా తీసేముందు మనుషుల్ని కలవండి. ఇది మర్యాద కోసమే చెప్పట్లేదు. పాత రాళ్ల చుట్టూ తిరిగేవాడంటే ఊళ్లలో మొదట వచ్చే అనుమానం గుప్తనిధులు. ఆ అనుమానం ఊరికే పుట్టలేదు, నిధుల పిచ్చితో నందుల్ని పగలగొట్టినవాళ్లు, శాసనాలు పెకిలించినవాళ్లు ఉన్నారు. పరకాల దిక్కు ఒక ఊళ్లో నేను రాయి ముందు బోర్లా పడుకుని ఫోకస్ చేసుకుంటుంటే, మేకలు కాసే పెద్దాయన కర్ర నేలకు తాటించి, "ఏం తవ్వుతున్నవ్ బిడ్డా?" అన్నారు. లేచి, మోకాళ్ల దుమ్ము దులుపుకుని, కెమెరా స్క్రీన్ మీద అక్షరాలు పెద్దవి చేసి చూపించాక నవ్వారు. ఆ తర్వాత గొడుగు పట్టింది కూడా ఆయనే. అందుకే ముందు సర్పంచ్‌నో, పూజారినో, రచ్చబండ దగ్గర పెద్దమనుషులనో కలిసి వచ్చిన పని చెప్పండి. రాయికి పూజ జరుగుతుంటే చెప్పులు విప్పండి, పసుపు కుంకుమలు మీరు కడగొద్దు. పెట్టేవాళ్లనే అడిగితే పండగ ముందు వాళ్లే కడిగి పెడతారు, ఆ రోజుకు వెళ్లండి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోట అయితే సిబ్బందిని అడగకుండా ట్రైపాడ్ తెరవొద్దు.

ఇక అసలు సంగతి, వెలుతురు. పెళ్లిలో నేను ముప్పై రకాల లైటింగ్ చేస్తాను, అన్నింటి ఉద్దేశం ఒకటే: ముఖం మీద గుంటలు, గీతలు కనపడకూడదు. శాసనానికి సరిగ్గా తిరగేసి చేయాలి. అక్షరం అంటే రాతిలో ఉలి తవ్విన గాడి. ఎదురుగా వెలుతురు పడితే గాడి, గట్టు రెండూ ఒకే తీరు వెలిగి అక్షరం మాయమవుతుంది. అందుకే ఫోన్ ఫ్లాష్ ఆపేయడం మొదటి పని. వెలుతురు రాతిని పక్క నుంచి రాసుకుంటూ పోవాలి. అప్పుడు గాడిలో ఒక అంచు నల్లబడి, ఇంకో అంచు మెరిసి, అక్షరం లేచి నిలబడుతుంది.

"పొద్దున్నే తీయండి, సాయంత్రం తీయండి" అని అందరూ చెప్తారు. నేనూ అదే నమ్మి ఒక తూర్పు ముఖం రాయి కోసం నాలుగింటికి లేచి, ఆరింటికల్లా అక్కడున్నాను. ఎండ పడింది, రాయి బంగారంలా మెరిసింది, ఒక్క అక్షరం కనపడలేదు. పొద్దుటి సూర్యుడు తూర్పు ముఖానికి సూటిగా ఎదురుగా ఉంటాడు మరి, అది పెద్ద ఫ్లాష్ కొట్టినట్టే. విసుగొచ్చి టీ తాగి, ఇంకో గుడి చూసి పదకొండు దాటాక తిరిగొస్తే అదే రాయి మీద పంక్తులు పంక్తులుగా రాత. సూర్యుడు పైకెక్కి, వెలుతురు రాతి మీద పైనుంచి కిందికి జారుతోంది. అది ఓ అరగంట ఉండి పోయింది. అప్పటి నుంచి నా లెక్క ఇది: ఎండ ఆ ముఖం మీదికి అప్పుడే వస్తున్నప్పుడో, ఇక వదిలిపోబోతున్నప్పుడో తీయాలి. తూర్పు ముఖానికి మధ్యాహ్నానికి కాస్త ముందు, పడమటి ముఖానికి కాస్త తర్వాత. దక్షిణం ముఖానికి చలికాలం పొద్దున, సాయంత్రం బాగుంటాయి. ఉత్తరం ముఖానికి ఎండాకాలంలో తప్ప ఎండ సరిగా తగలదు.

అన్నిసార్లు ఎండ మన మాట వినదు కాబట్టి రెండు ఉపాయాలు. ఒకటి అద్దం. రాయి నీడలో ఉంటే, పది అడుగుల దూరంలో ఎండలో ఒకరు అద్దం పట్టుకుని వెలుతుర్ని పక్క నుంచి రాయి మీదికి తిప్పాలి. నేను పెళ్లిళ్ల రిఫ్లెక్టర్ వాడతాను కానీ, గోడకు వేలాడే ముఖం చూసుకునే అద్దమే ఇంకా బాగా పనిచేస్తుంది. రెండోది టార్చి. రాత్రి పూటైనా సరే, పగలైతే రాయి చుట్టూ నల్లగుడ్డ కట్టి చీకటి చేసైనా సరే. టార్చిని రాతికి దాదాపు ఆనించినట్టు పక్కన పట్టాలి. కెమెరా కదలకుండా, టార్చిని మాత్రం మార్చి ఎడమ నుంచి, కుడి నుంచి, పైనుంచి, కింది నుంచి నాలుగు ఫొటోలు. ఎడమ వెలుతురులో దొరకని గుణింతం పై వెలుతురులో దొరుకుతుంది. నిలువు గీతకు అడ్డం వెలుతురు కావాలి, అడ్డగీతకు నిలువు వెలుతురు కావాలి, అంతే కిటుకు.

ఫోన్‌తో తీసేవాళ్లు దగ్గరికి దూరిపోకుండా, నాలుగైదు అడుగులు వెనక్కి జరిగి రెండింతల జూమ్ పెట్టండి. లేకపోతే అంచుల్లో అక్షరాలు సాగుతాయి. ఫోన్ రాతికి సమాంతరంగా ఉండాలి. ముందు మొత్తం రాయి ఒకటి. తర్వాత పైనుంచి నాలుగైదు పంక్తుల చొప్పున, ప్రతి ఫొటోలో పోయిన ఫొటోలోని చివరి పంక్తి ఉండేలా. పక్కన స్కూలు పిల్లల స్కేలు పెట్టండి, స్కేలు లేకపోతే అగ్గిపెట్టె. రాయికి నాలుగు ముఖాలుంటే ఏ ముఖం ఏ దిక్కో నోట్‌బుక్‌లో రాసుకోండి. ఇంటికొచ్చాక గుర్తుంటుందని అనుకుంటాం, గుర్తుండదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. మొదటి ఏడాది ఒక రాతి మీద అక్షరాలు సరిగా కనపడట్లేదని సుద్దముక్కతో గాడుల్లో దిద్దాను. ఫొటో అద్భుతంగా వచ్చింది, బ్లాక్ బోర్డు మీద రాసినట్టు. సార్‌కు గర్వంగా చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "శకవర్షం 1172 అని నువ్వు రాసినవా, రాయి రాసిందా?" అన్నారు. చివరి అంకె దగ్గర పెచ్చు లేచి ఉంటే, నాకు రెండులా అనిపించి రెండే దిద్దాను. సార్ కాగితం తీసి లెక్క వేశారు. ఆ లెక్క మీకూ చెప్తాను, ఎందుకంటే ఇది మన ఉగాది పంచాంగం తెలిసిన ఎవరైనా చేయొచ్చు.

శక సంవత్సరానికి 78 కలిపితే ఇంగ్లిష్ సంవత్సరం వస్తుంది. 1172కు కలిపితే 1250. కానీ రాతి మీద పేరు 'ఆనంద' సంవత్సరం అని స్పష్టంగా ఉంది. మనకు తెలిసిన ఆనంద 1974 ఉగాదికి మొదలైంది. సంవత్సరాల పేర్లు 60 ఏళ్లకోసారి తిరిగొస్తాయి కదా, 1974లోంచి 1250 తీసేస్తే 724, అది 60తో సరిగా పోదు, నాలుగు మిగులుతుంది. కాబట్టి చివరి అంకె రెండు కాదు, ఆరు. శకం 1176 అంటే 1254, 1974కు సరిగ్గా 720 ఏళ్ల వెనక. "సుద్దముక్కను చదివినవ్ తమ్మీ, రాయిని చదవలె" అన్నారు సార్. సుద్ద, పిండి, విభూతి, పెయింట్, నూనె, ఇనుప బ్రష్, యాసిడ్, ఏదీ వద్దు. దుమ్ముంటే మెత్తటి పొడి బ్రష్‌తో మెల్లగా దులపండి, అంతే. తడి కాగితం పరిచి, బ్రష్‌తో కొట్టి, సిరా అద్ది అచ్చు తీసే పద్ధతి ఒకటుంది, చూడ్డానికి మహా ముచ్చటగా ఉంటుంది. అది నేర్చుకున్నవాళ్లు, అనుమతి ఉన్నవాళ్లు చేసే పని.

ఈ లెక్కను వేయిస్తంభాల గుడి శాసనం మీద వేసి చూడండి. శకం 1084, చిత్రభాను, మాఘ శుద్ధ 13, వడ్డవారం అని ఉంటుంది. వడ్డవారం అంటే శనివారం. 78 కలిపితే 1162. మనం చూసిన చిత్రభాను 2002. తేడా 840, అంటే 60 పద్నాలుగు సార్లు, సరిపోయింది. అయితే మాఘం వచ్చేసరికి ఇంగ్లిష్ సంవత్సరం మారిపోతుంది కాబట్టి అసలు తేదీ 1163 జనవరి 19. రామప్పలోనూ వేయండి: శకం 1135, శ్రీముఖ, చైత్రం. 1213 వస్తుంది. మన శ్రీముఖ 1993. తేడా 780. ఒక్కోసారి ఒక ఏడాది అటూ ఇటూ అవుతుంది, గడిచిన ఏళ్లు లెక్కపెట్టారా, నడుస్తున్న ఏడు లెక్కపెట్టారా అన్నదాన్ని బట్టి. అంతకంటే ఎక్కువ తేడా వస్తే మన చూపునే అనుమానించాలి. శ్లోకాల్లో అయితే అంకెలు ఉండవు, మాటలుంటాయి. వేదాలంటే నాలుగు, వసువులంటే ఎనిమిది, ఆకాశమంటే సున్నా, చంద్రుడంటే ఒకటి. వెనక నుంచి చదివితే 1084.

అక్షరాలు చూసి బెదరకండి. మాటకు మాటకు మధ్య ఖాళీ ఉండదు, పంక్తి చివర మాట ఎక్కడైనా విరుగుతుంది, వత్తు ఉండాల్సిన చోట ఉండకపోవచ్చు, 'ధర్మ' అని ఒక్క మకారంతో మనం రాసేది 'ధర్మ్మ' అని ఉంటుంది. మొదట్లో 'స్వస్తి' కోసం, 'శ్రీ' కోసం వెతకండి. ఆ రెండూ దొరికితే మిగతా అక్షరాల చేతిరాత పట్టుబడుతుంది. రాయి నెత్తిన సూర్యచంద్రులు చెక్కి ఉంటారు, అవి ఉన్నంతకాలం ఈ దానం ఉండాలని. చివర సాధారణంగా ఒక శాపం: 'స్వదత్తాం పరదత్తాం వా' అని మొదలవుతుంది. తానిచ్చిందైనా, ఇంకొకరిచ్చిందైనా, దానం చేసిన భూమిని లాక్కున్నవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని. రిజిస్ట్రేషన్ ఆఫీసుల గోడల మీద కూడా రాయిస్తే బాగుండు అనిపిస్తుంది నాకు. ఆ శాపంతో ఒక ఉపయోగం ఉంది. అది కనపడితే శాసనం చివరికొచ్చినట్టు. దానం సగంలో ఉండగానే నేల తగిలితే, మిగతాది భూమిలో ఉండొచ్చు. తవ్వకండి. ఉందని రాసుకోండి చాలు.

ఈ చిన్న రాళ్లతో ఏమవుతుందంటారా? నల్లగొండ జిల్లా చందుపట్లలో ఒక రాయి ఉంది. పువ్వుల ముమ్మడి అనే ఆయన, శివలోకం చేరిన రుద్రమదేవికి, సేనాని మల్లికార్జున నాయకుడికి పుణ్యం కలగాలని 1289 నవంబర్‌లో ఇచ్చిన దానం దాని మీద ఉంది. అంతకుముందు రుద్రమ ఇంకా కొన్నేళ్లు ఏలిందని అనుకునేవారు. కోట కాదు, పెద్ద గుడి కాదు, ఒక ఊళ్లో రాయి చెప్పింది ఆమె ఎప్పుడు పోయిందో.

ఫొటోలు తీశాక రాష్ట్ర పురావస్తు శాఖకో, దగ్గరి యూనివర్సిటీ చరిత్ర విభాగానికో పంపండి. కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగం మైసూరులో ఉంది, అక్కడికీ పంపొచ్చు. వాట్సాప్‌లో పంపితే ఫొటో నలిగిపోతుంది, మెయిల్‌లో ఒరిజినల్ సైజులో పెట్టండి. ఊరు, మండలం, రాయి ఏ పొలం గట్టున ఉందో, ఊరివాళ్లు దాన్ని ఏమని పిలుస్తారో రాయండి. ఒంటరి చోట విగ్రహాలున్న గుడి అయితే మాత్రం లొకేషన్ ఫేస్‌బుక్‌లో పెట్టకండి. లైకులకంటే ముందు దొంగలొస్తారు.

ఆ పరకాల దిక్కు రాయిని సార్ నెల తర్వాత చదివి పెట్టారు. చెరువు కింద గుడికిచ్చిన భూమి సంగతి అది. నేను పన్నెండుకు పద్దెనిమిది సైజులో ప్రింటు వేసి, కింద సార్ రాసిన మాటలు చేర్చి, లామినేషన్ చేయించి తీసుకెళ్లాను. గొడుగు పట్టిన పెద్దాయన పంచాయతీ ఆఫీసు గోడకు దాన్ని తగిలించి, కళ్లద్దాలు లేవని మనవరాలితో చదివించుకున్నారు. చెరువు పేరు రాగానే ఆపమన్నారు. "గిదే పేరు గదా, మేమిప్పుడు గూడ అనేది" అని ఆ పంక్తిని ఆ పిల్లతో ఇంకోసారి చదివించుకున్నారు.