పెరూజా జర్నలిజం ఫెస్టివల్‌కు వెళ్లే ముందు జాగ్రత్తలు

ఇటలీలోని పెరూజాలో 2007లో మొదలైన ఈ అంతర్జాతీయ ఫెస్టివల్ సాధారణంగా ఏప్రిల్‌లో జరుగుతుంది. ప్రవేశం ఉచితం. ఖర్చంతా దారికీ బసకే.

• ఇటలీతో పాటు చాలా యూరప్ దేశాలకు చెల్లే షెంగెన్ వీసాకు 6 నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. కనీసం 15 రోజుల ముందు అనేది నిబంధన మాత్రమే, దాన్ని నమ్ముకుని కూర్చోకండి. తిరుగు ప్రయాణం తర్వాత ఇంకో 3 నెలలు పాస్‌పోర్టు చెల్లాలి. వైద్య బీమా 30,000 యూరోలకు తగ్గకూడదు.

• గది ముందే తీసుకోండి. పాత ఊరు గుట్ట మీద, రైల్వే స్టేషన్ కింద. పైకి మినీమెట్రో అనే చిన్న రైలు ఉంది. తర్వాత అంతా రాళ్లు పరిచిన ఎగుడుదిగుడు వీధులే. చక్రాలున్న పెద్ద పెట్టె అక్కడ శత్రువు. కొత్త బూట్లూ అంతే.

• పేరున్న వక్తల సెషన్‌కు ముందుగా వెళ్లండి, హాలు నిండితే బయటే.

• రహస్య సోర్సుల పేర్లు, రికార్డింగులు ఉన్న ల్యాప్‌టాప్ ఇంట్లోనే ఉంచండి. తప్పకపోతే పాస్‌వర్డ్ లేకుండా ఎవరూ చదవలేనట్టు డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేయండి. కాఫీ దగ్గర ఎవరైనా నోరు జారితే, రాసే ముందు వాళ్లను అడగండి. అక్కడ అందరూ విలేకరులే కదా అని చాలామంది ఆదమరుస్తారు!

• 13వ శతాబ్దపు ఫౌంటెన్ ఫోంటానా మజ్జోరే ఎలాగూ దారిలోనే కనిపిస్తుంది. రోక్కా పావొలినా కోట కింద పూడిపోయిన పాత వీధుల గుండా ఎస్కలేటర్లు వెళ్తాయి, అది మాత్రం వదలొద్దు.

• దగ్గర్లోని అస్సీసీ ఊరికి ఒక పూట చాలు. అక్కడి బసిలికా (పెద్ద చర్చి)లోకి భుజాలు, మోకాళ్లు కప్పుకుని వెళ్లాలి. కాగితం రైలు టికెట్‌కు ఎక్కేముందే యంత్రంలో ముద్ర వేయించండి, లేదంటే జరిమానా.