ఒకే కాడపై రెండు రకాల ఆకులు: లోఫోకోలియా హెటెరోఫిల్లాను గుర్తించే పద్ధతి

లోఫోకోలియా హెటెరోఫిల్లా అనే లివర్‌వర్ట్ (నాచుమొక్కను పోలిన, పూలు పూయని చిన్న మొక్క) విషయంలో కొత్తవారు చేసే తొలి పొరపాటు దాదాపుగా ఒకటే: ఒక్క ఆకు తుంచి, దాని కొన చూసి పేరు రాసేయడం. హెటెరోఫిల్లా అంటేనే వేర్వేరు ఆకులు గలది అని అర్థం. ఈ మొక్కలో ఒకే కాడకు కింది భాగంలో రెండు తమ్మెలుగా చీలిన ఆకులు, పై భాగంలో కొన గుండ్రంగానో, కొద్దిపాటి నొక్కుతోనో ఉన్న ఆకులు వస్తాయి. కనుక ఇక్కడ పరిశీలించవలసింది ఆకును కాదు, మొదలు నుంచి కొన వరకు మొత్తం కాడను.

ఐరోపా, ఆసియా, ఉత్తర అమెరికాలలో ఇది విస్తారంగా కనిపిస్తుంది. కుళ్లుతున్న దుంగలు, చెట్ల మొదళ్లు దీనికి ఇష్టమైన చోట్లు. లేత ఆకుపచ్చ రంగులో, ఆకులతో కలిపి సుమారు 1 నుంచి 2 మిల్లీమీటర్ల వెడల్పుతో, చాపలా పరుచుకుని ఉంటుంది. నాచుమొక్క అనే అనుమానం వస్తే భూతద్దంతో ఆకు మధ్యన, కొనన చూడాలి. ఈనె లేకుండా, కొన రెండుగా చీలి ఉంటే అది నాచుమొక్క కాదు.

సేకరించేటప్పుడు పిడికెడు పెరకనవసరం లేదు. పొడవైన కాడలు పది వచ్చేలా చిన్న ముక్క చాలు. అయితే ఆ పదింటిలో పెరియాంత్ ఉన్నవి, అంటే కాడ చివర స్త్రీబీజాశయాలను చుట్టి ఉండే గొట్టంలాంటి తొడుగు గలవి, రెండు మూడైనా ఉండేలా వెతికి తీయాలి. ఈ జాతిలో పురుష, స్త్రీ అవయవాలు ఒకే మొక్కపై వస్తాయి కాబట్టి పెరియాంత్‌లు తరచుగానే దొరుకుతాయి. నమూనాను కాగితం మడతలో ఉంచాలి. ప్లాస్టిక్ సంచిలో బూజు పడుతుంది. కణాలలోని నూనె బిందువులు మొక్క ఎండితే నశిస్తాయి కనుక, వాటిని చూడదలచినవారు నమూనా పచ్చిగా ఉండగానే సూక్ష్మదర్శిని ముందు కూర్చోవాలి.

ఒక కాడను నీటిచుక్కలో వెల్లకిలా పరిచి, ముందు ఆకుల అమరిక చూడండి. కాడ కొనను ఇంటి కప్పుకు వెన్నుగా ఊహించుకుంటే, ఆకులు పెంకులు పేర్చినట్లే ఉంటాయి: ప్రతి ఆకు పై అంచు తన మీది ఆకు కింద దాగి ఉంటుంది. అమరిక దీనికి తలకిందులుగా ఉంటే, కొనలో చిన్న నొక్కు ఉన్నా సరే, అది కాలిపోజియా వంటి మరో ప్రజాతి. తరువాత కాడను బోర్లా తిప్పితే, పక్క ఆకుల రెండు వరుసలకు తోడు అడుగున మూడో వరుస కనిపిస్తుంది. ఈ అడుగు ఆకులు చిన్నవి, లోతుగా రెండు సన్నని తమ్మెలుగా చీలినవి. మూలతంతువులు, అంటే మొక్కను పట్టి ఉంచే వేర్లలాంటి సన్నని పోగులు, వీటి మొదళ్ల నుంచే కుచ్చులుగా బయలుదేరుతాయి. కాడను శుభ్రం చేసే తొందరలో పట్టకారుతో మట్టిని లాగితే మూలతంతువులతో పాటు అడుగు ఆకులూ ఊడిపోతాయి. ఆ తరువాత అవి లేవని రాసుకోవడం మరో పొరపాటు.

అసలు చిక్కు పెరియాంత్ లేని కాడలతోనే. వాటి ఆకులన్నీ చీలి ఉండి లోఫోకోలియా బైడెంటాటాలా కనిపించవచ్చు. బైడెంటాటాలో తమ్మెలు పొడవుగా, సూదిగా సాగి ఉంటాయి. పెరియాంత్ దగ్గరి ఆకులు కూడా చీలే ఉంటాయి. లోఫోకోలియా మైనర్‌లో ఆకుల అంచుల మీద జెమ్మాలు, అంటే రాలి కొత్త మొక్కలుగా మొలిచే సూక్ష్మమైన రేణువులు, పుట్టి, అంచులు పురుగు కొరికినట్లు అవుతాయి. ఇందుకు భిన్నంగా గుండ్రని ఆకులే ఎక్కువగా ఉన్న కాడను చూసి కైలోసైఫస్ పాలియాంథస్ అనే మరో లివర్‌వర్ట్ అనుకునే ప్రమాదం ఉంది. దానిలో చీలిన పక్క ఆకులు ఉండవు, పెరియాంత్ పొట్టి పక్క కొమ్మ మీద వస్తుంది. హెటెరోఫిల్లాలో అది ప్రధాన కాడ చివరనే, మూడు అంచులతో, పళ్లున్న మూతితో ఉంటుంది. నా దృష్టిలో ఒకే కాడపై రెండు రూపాల ఆకులూ, కాడ చివర పెరియాంతూ కలిసి దొరికేంత వరకు పేరును పెన్సిల్‌తో రాయడమే మంచిది.

వర్గీకరణలో ఈ మొక్క జుంగర్మానియేలిస్ క్రమంలో, లోఫోకోలియేసీ కుటుంబంలో ఉంది. 1801లో వృక్షశాస్త్రవేత్త ష్రాడర్ దీనిని జుంగర్మానియా హెటెరోఫిల్లా అన్నాడు. ఆకులున్న లివర్‌వర్ట్‌లను చాలావరకు ఆ ఒక్క ప్రజాతిలోనే వేసే కాలం అది. 1835లో మరో వృక్షశాస్త్రవేత్త డ్యుమోర్టియే దానిని లోఫోకోలియాలోకి మార్చాడు. 1980లలో ఎంగెల్, షూస్టర్ అనే పరిశోధకులు లోఫోకోలియాను కైలోసైఫస్‌లో కలిపినప్పుడు, అక్కడ హెటెరోఫిల్లస్ అనే పేరు అప్పటికే మరో మొక్కకు ఉండటంతో ఇది కైలోసైఫస్ ప్రొఫండస్ అయింది. 2016 నాటి లివర్‌వర్ట్‌ల ప్రపంచ జాబితా లోఫోకోలియాను మళ్లీ వేరు ప్రజాతిగానే చూపింది. పాత నమూనాల పొట్లం మీద ప్రొఫండస్ అని ఉంటే అది మరో జాతి కాదు. కొత్త పొట్లం మీద పేరుతో పాటు ఎన్ని కాడలు చూశారో, వాటిలో పెరియాంత్ ఉన్నవెన్నో, ఆకులు ఏ ఎత్తు నుంచి చీలడం మానేశాయో కూడా రాయండి. ఆ వివరాలుంటే పేరు రేపు మారినా, పొట్లం విప్పకుండానే మొక్క ఏదో తేల్చుకోవచ్చు.